చంద్రపూర్ కోటగోడ తగాదాలు: ఫోన్ మ్యాపా, కాగితం మ్యాపా?

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో గోండు రాజుల కోటగోడ రక్షిత కట్టడం. దాని పక్కన ఉండే మన తెలుగువాళ్లు ఇళ్లు, దారుల తగాదా ఎక్కడో చూపించాలంటే రెండు దారులు.

ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం మీద గుర్తు పెడితే దూరం తేలుతుంది. అసలు గొడవంతా దూరం దగ్గరే. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త ఇల్లు కట్టకూడదు, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. కానీ ఇరుకు సందుల్లో జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది. హద్దు మీద ఇల్లున్నవాళ్లకు అదే టెన్షన్.

కాగితం మీద కొలత కుదరదు, సంగతులు మాత్రం బయటికొస్తాయి. కోట ద్వారమైన జట్‌పురా గేటు దగ్గర బండ్లు ఇరుక్కునే చోటు, కారుతున్న పెంకుటిల్లు పెద్దవాళ్లే వేలుపెట్టి చూపిస్తారు. మరమ్మతుకైతే 100 మీటర్ల లోపూ అనుమతి అడగొచ్చని అక్కడే చెప్పేయొచ్చు.

నా ఓటు ముందు కాగితానికే. అనుమతి ఇచ్చే ఆఫీసుకు మాత్రం ఫోన్ మ్యాప్ ప్రింటే, కొలతలు లేకుండా అక్కడ మాట చెల్లదు.