హిందూపురం వైపు కొత్త కల్యాణ మండపం: పెళ్లికి పనికిరాని హంగు

మా అక్క కూతురి పెళ్లికి గత వైశాఖంలో హిందూపురం వైపు కొత్తగా కట్టిన ఒక కల్యాణ మండపాన్ని అద్దెకు తీసుకున్నాము. భోజనశాల విశాలంగా ఉంది, నీళ్లకు కొరత రాలేదు, బండ్లు నిలుపుకోవడానికి చోటు ధారాళంగా ఉంది. ఈ విషయాలలో యాజమాన్యాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. నా బాధంతా ఆ కట్టడం గురించే.

ముందువైపు ఆరు రోమన్ స్తంభాలు, వాటి మీద త్రికోణపు నుదురు, వెనుక రెండంతస్తుల ఎత్తున నీలిరంగు అద్దాల గోడ. స్తంభాల తలకట్టు మీద కనిపించేది మధ్యధరా తీరాన పెరిగే అకాంథస్ మొక్క ఆకు. ఒక స్తంభం అడుగుభాగాన కుర్చీలు తగిలి పెచ్చు ఊడిపోగా, పలుచని పూత కింద నుంచి థర్మోకోల్ బయటపడి ఉంది. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోనే లేపాక్షి ఉంది. అక్కడ వీరభద్రాలయంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) మొదలై అసంపూర్ణంగా మిగిలిన కల్యాణ మండపం ఉంది. పార్వతీ పరమేశ్వరుల పెళ్లి కోసం రాతి స్తంభాలను నిలువెత్తున చెక్కిన ఆ చోటును చూస్తూ పెరిగిన ప్రాంతంలో, పెళ్లి మండపమనగానే థర్మోకోల్ రోము గుర్తుకు రావడం నాకు నిజంగా కష్టం కలిగించింది.

చూపుకు నచ్చకపోవడం ఒక్కటే అయితే ఇంత రాసేవాడిని కాను. ఈ కట్టడాన్ని గీసినవారు పెళ్లిలో ఏమేమి జరుగుతాయో ఒక్కసారైనా ఆలోచించినట్లు లేదు. ఇంటి ముందు చోటు లేక పందిరి రాట అక్కడే వేద్దామనుకుంటే, ఆవరణ అంతా గ్రానైటు పరిచి ఉండడంతో పిడికెడు మట్టి కనబడలేదు. చివరకు పెయింటు డబ్బాలో ఇసుక నింపి రాటను నిలబెట్టాము. ముఖద్వారం అద్దాల తలుపు కావడం వల్ల పసుపు రాయడానికి గడప లేదు, మామిడి తోరణం కట్టడానికి మేకు లేదు. టేపుతో అంటించిన తోరణం మధ్యాహ్నానికి రాలిపోయింది.

హోమం దగ్గర అసలు చిక్కు వచ్చింది. జిప్సం సీలింగు కిందికి ఉంది, కిటికీలు తెరుచుకోవు, పొగ పోయే దారి ఎక్కడా లేదు. “స్వామీ, హోమం కాస్త చిన్నదిగా కానివ్వండి, సీలింగు నల్లబడుతుంది” అని మేనేజరు పురోహితుని వేడుకోవలసి వచ్చింది. రాయలసీమ మట్టి మిద్దెలలో వెలుతురుకూ పొగకూ కప్పులో గవాక్షి పెట్టేవారు. ఆపాటి ఏర్పాటు కూడా ఇక్కడ లేకపోయింది. పడమటి ఎండంతా ఆ అద్దాల గోడ మీదే పడుతుంది కనుక సాయంత్రం నాలుగు గంటలకు ఏసీలన్నీ నడుస్తున్నా ముందు వరుసలలోని పెద్దలు కుర్చీలు వెనక్కి జరుపుకొన్నారు. జనరేటరు డీజిలు ఖర్చు అద్దెకు అదనం కనుక ఆ అద్దాల వేడికి డబ్బు కట్టింది మేమే.

పరాయి పద్ధతిని తీసుకోవడమే తప్పని నేను అనడం లేదు. ఇదే జిల్లాలో విజయనగర రాజుల భవనమైన పెనుకొండ గగన్ మహల్ ఉంది. సుల్తానుల కట్టడాల నుంచి వచ్చిన కమానులు, మన ఆలయ విమానాన్ని తలపించే శిఖరం అందులో ఒకే కట్టడంగా ఒదిగిపోయాయి; తీసుకున్నవారు దాన్ని తమ రాతితో, తమ సున్నంతో, తమ ఎండకు తగినట్లు మలుచుకున్నారు. ఈ మండపంలో మాత్రం ఎక్కడో చూసిన బొమ్మను తెచ్చి ముందు అతికించారు తప్ప మలుచుకున్నది ఏమీ లేదు.

యాజమాన్యం తలచుకుంటే ఇప్పటికీ బాగుచేసుకోవచ్చు. అద్దాల గోడకు ముందు రాతి కంబాలతో లోతైన వసారా ఒకటి వేయించి, హోమకుండం పైన కప్పు తెరిచి, ఆవరణలో ఒక మూల మట్టినేల వదిలితే నా ఫిర్యాదులలో సగం తీరిపోతాయి. అంతవరకు రాత్రి రిసెప్షన్ మాత్రమే పెట్టుకునేవారికి ఇది సరిపోతుంది. వేసవి ముహూర్తానికి తీసుకునేవారు హోమం ఎక్కడ చేయనిస్తారో, రాట ఎక్కడ వేయనిస్తారో అడ్వాన్సు ఇచ్చే ముందే కాగితం మీద రాయించుకోవాలి.