జీడిపప్పా, మీల్ మేకరా? పాలు మానేశాక బరువుకు ఏది మేలు

పాలు, పెరుగు, నెయ్యి మానేసిన నాలుగు నెలల్లో నేను నాలుగు కిలోలు పెరిగాను. 74 నుంచి 78కి. మాంసం అంతకు రెండేళ్ల ముందే మానేశాను. వీగన్ అంటే ఆకులూ అలములూ తిని ఎండిపోయేవాడని అందరి లెక్క కదా, అందుకే కాస్త నామోషీగానే అనిపించింది. మా అమ్మయితే మొహం మీదే అడిగేసింది: "పాలు బంజేసినోనివి బక్కగ కావాలె గాని, గిట్ల లావైతున్నవేంది బిడ్డా?"

తప్పెక్కడుందో చూద్దామని ఒక ఆదివారం వంటింట్లో చిన్న తూకం మిషను ముందు పెట్టుకుని కూర్చున్నాను. బేగంబజార్ నుంచి తెచ్చిన కిలో జీడిపప్పు మూడు వారాల్లో అయిపోయింది. ఇంట్లో ఉండేది ఇద్దరమే. పనీర్ లేదు కాబట్టి కూర చిక్కబడడానికి జీడిపప్పు పేస్టు, పెరుగు లేదు కాబట్టి పల్లీల పెరుగు, బగారా అన్నంలోకి కొబ్బరి పాలు. పాల లోటునంతా గింజలతో, కొబ్బరితో పూడ్చాను. అదీ సంగతి.

గుప్పెడు జీడిపప్పు, అంటే 30 గ్రాములు, దాదాపు 170 కేలరీలు. ప్రొటీన్ 5 గ్రాములకు కాస్త అటూ ఇటూ. అవే 170 కేలరీలు ఎండు మీల్ మేకర్‌లో, అంటే సోయా ముక్కల్లో, కావాలంటే 50 గ్రాములు తూచాలి. ప్రొటీన్ మాత్రం 25 గ్రాములు! జీడిపప్పు మిక్సీలో తిరిగి గ్రేవీలో కలిసిపోతుంది, తిన్నట్టే ఉండదు. 50 గ్రాముల మీల్ మేకర్ నానితే ఒక పూట కూర నిండుగా అవుతుంది, నమిలేసరికి దవడలు నొప్పి పుడతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే నాలాంటివాడికి 60 గ్రాములు దాటాలి. దాన్ని జీడిపప్పుతో అందుకోవాలని చూస్తే బెల్టుకు కొత్త రంధ్రాలు పొడవాల్సిందే.

మీల్ మేకర్ వాసన నచ్చదని చాలామంది పక్కన పెడతారు. ఉప్పేసిన మరుగు నీళ్లలో పది నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, చన్నీళ్లలో కడిగి మళ్లీ పిండండి. రెండోసారి పిండడమే అసలు కిటుకు. ఆ తర్వాత అల్లం వెల్లుల్లి, గరం మసాలా పట్టించి వేయిస్తే వాసన ఊసే ఉండదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం సోయాకూ మాత్రకూ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచుకోవాలి. సోయా మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు.

పాల సంగతికొస్తే, చక్కెర కలపని సోయా పాలదే పైచేయి. గ్లాసుకు 80 కేలరీల లోపు, ప్రొటీన్ 6 గ్రాముల దాకా. ప్యాకెట్ బాదం పాలలో కేలరీలు ఇంకా తక్కువే, కానీ ప్రొటీనూ ఉండదు, ఖరీదైన తెల్లనీళ్లు అనుకోవచ్చు. చిక్కటి కొబ్బరి పాలు కప్పుకు 400 కేలరీల పైమాటే, పండక్కి సరిపెట్టుకోవాలి. చాయ్‌లోకైతే సోయా పాలు దింపాక పోయండి, మరిగిస్తే విరుగుతాయి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఎలాగూ పోయాయి. అవి పోయిన దుఃఖంలో సాయంత్రాలు మిర్చి బజ్జీల బండి దగ్గర తేలాను. బజ్జీ పక్కా వీగన్, అదే దానితో ప్రమాదం. అది తాగే నూనె ఒక్కో పెద్ద చెంచాకు 120 కేలరీలు.

అన్నమా, జొన్న రొట్టా? ఈ తగాదా అనవసరంగా పెద్దదైంది. వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల జొన్నపిండికీ కేలరీల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పీచు మాత్రం జొన్నలో మూడింతలు ఎక్కువ. దానికి మించి, రెండు రొట్టెలకే చెయ్యి ఆగుతుంది. అన్నం మీద పప్పుచారు పోస్తే ఎంత జారిందో లెక్క తెలీదు. సాయంత్రమైతే మా వీధి మలుపులో ఒకామె కట్టెల పొయ్యి మీద చేత్తో కొట్టి రొట్టెలు కాలుస్తుంది. రాత్రికి అవే, పక్కన గిన్నెడు ముద్దపప్పు. పగలు అన్నం మానలేదు, మానను కూడా.

ఇదంతా నాలా లావయ్యేవాళ్ల మాట. మా బావమరిదిది రివర్స్ కేసు. నన్ను చూసి పాలు మానేసి రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాడు. అసలే ఈనుపుల్ల లాంటి మనిషి. పీచు ఎక్కువై పొట్ట తొందరగా నిండుతోంది, తిండి చాలడం లేదు. అతనికి నేను వద్దన్నవన్నీ కావాలి: పల్లీలు, జీడిపప్పు, కొబ్బరి. బి12 మాత్ర మాత్రం ఇద్దరికీ తప్పదు, మొక్కల తిండిలో నమ్ముకోదగ్గంత బి12 దొరకదు. ఎంత మోతాదో డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్పారు.

ఇప్పుడు నా తూకం 75. పల్లీల పెరుగు పూర్తిగా వదల్లేదు. శనివారం రాత్రి వంద గ్రాముల పల్లీలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు వేసి మూతపెడతాను. తెల్లారేసరికి తోడుకుంటుంది. అందులో రెండు గరిటెలు నాకు. మిగతాది స్టీలు డబ్బాలో మా బావమరిది ఇంటికి పోతుంది.