సింగిల్ డెక్ కార్డ్ కౌంటింగ్ కిట్ కొనేముందు ఇది చదవండి

రీనో, వేగాస్ క్యాసినోలకు వీకెండ్ ట్రిప్పులు వెళ్లే మనవాళ్ల కోసం రాస్తున్నా. ఆన్‌లైన్‌లో 79 డాలర్లకు సింగిల్ డెక్ బ్లాక్‌జాక్ (ఒకే పేక కట్టతో ఆడే క్యాసినో ఆట)లో పడిన ముక్కలు లెక్కపెట్టడం నేర్పే కిట్ ఒకటి అమ్ముతున్నారు. నేను కొన్నాను, మీరు కొనకండి. అందులో ట్రూ కౌంట్ (ఎప్పుడు పందెం పెంచాలో చెప్పే అంకె) లెక్కే తలకిందులుగా ఉంది.

ముక్కలు లెక్కపెట్టే హై-లో పద్ధతి వరకు అమ్మేవాడు సరిగ్గానే చెప్పాడు. 2 నుంచి 6 దాకా ఏ ముక్క పడినా ప్లస్ 1. 7, 8, 9కి సున్నా. పదులు, బొమ్మలు, ఆసులకు మైనస్ 1. అలా కలుపుకుంటూ పోతే వచ్చేది రన్నింగ్ కౌంట్. దాన్ని ఇంకా పంచాల్సిన డెక్కుల సంఖ్యతో భాగిస్తే ట్రూ కౌంట్. ఆరు డెక్కుల టేబుల్‌లో మొదట్లో అలా భాగిస్తే అంకె బాగా తగ్గుతుంది. సింగిల్ డెక్‌లో ముక్కలు పడ్డాక మిగిలేది ఒకటి కంటే తక్కువ, కాబట్టి అంకె పెరగాలి. అరతో భాగించడమంటే రెట్టింపు చేయడమే కదా! ఈయన చార్టులో అరతో గుణించి పెట్టాడు.

రెండుసార్లు డబ్బు పోగొట్టుకుని వచ్చాక, ఒక రాత్రి డైనింగ్ టేబుల్ మీద పేక పరిచి చూశాను. 26 ముక్కలు తీశాను: 12 చిన్నవి, 8 పెద్దవి, 6 సున్నావి. రన్నింగ్ కౌంట్ ప్లస్ 4. అంటే మిగిలిన 26లో 12 పెద్దవి, 8 చిన్నవి. సగం కట్టలోనే నాలుగు పెద్దవి ఎక్కువ ఉన్నాయంటే, పూర్తి కట్ట లెక్కన ఎనిమిది. ట్రూ కౌంట్ ప్లస్ 8. చార్టులో ప్లస్ 2 అని ఉంది! కట్టలో పెద్దవి ఎక్కువ మిగిలితే మనకే మొగ్గు, అలా పందెం పెంచాల్సిన చోటల్లా నేను పది డాలర్లే పెడుతూ కూర్చున్నా.

ఇంకోటి. సింగిల్ డెక్ అయితే చాలు, ఏ టేబుల్ దగ్గరైనా కూర్చోమన్నాడు. బోర్డు మీద బ్లాక్‌జాక్‌కి చెల్లింపు 6:5 అని ఉంటే లేచిపోండి. పది డాలర్ల పందేనికి బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలు ఒక ఆసు, ఒక పది లేదా బొమ్మ) పడితే 15 రావాల్సింది 12 వస్తుంది. ఆ ఒక్క రూలే క్యాసినో వాటాకి పందెంలో సుమారు 1.4 శాతం కలుపుతుంది. వేగాస్‌లో పెద్ద క్యాసినోలుండే స్ట్రిప్ వీధి మీద సింగిల్ డెక్ టేబుళ్లు చాలావరకు ఇలాంటివే.

అన్నిటికంటే భయపడాల్సింది బోనస్‌గా ఇచ్చిన యాప్. ఫోన్ జేబులో పెట్టుకుంటే కౌంట్ పెరిగినప్పుడు వైబ్రేట్ అవుతుందట. రీనో, వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో తలలో లెక్కపెట్టుకోవడం నేరం కాదు, మహా అయితే క్యాసినో వాళ్లు లేపి పంపేస్తారు. పరికరం వాడి లెక్కపెడితే మాత్రం ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ ఏంటో నేను చెప్పక్కర్లేదు. నేనైతే ఇన్‌స్టాల్ కూడా చేయలేదు.

రిఫండ్ అడిగితే "మీకు లెక్క రాలేదు" అని మెయిల్ పెట్టాడు. నా పేక ముక్కల ఫోటో పంపాను, జవాబు లేదు. నిన్న అదే మనిషి 119 డాలర్లకు ఆరు డెక్కుల కిట్ అని యాడ్ వేశాడు. అందులో నాలుగు డెక్కులు మిగిలితే నాలుగుతో గుణించమని ఉందేమో, ఎవరైనా ఇప్పటికే కొనేసి ఉంటే చూసి చెప్పండి.