నమ్మకస్తుడైన ఇయాగో: విజయనగరంలో చూసిన ‘ఒథెల్లో’

గత శనివారం విజయనగరంలో, గంటస్తంభం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక హాలులో, స్థానిక నాటక సమాజం ఒకటి షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ను తెలుగులో ప్రదర్శించింది. టిక్కెట్టు 150 రూపాయలు. ఆరున్నరకని చెప్పి ఏడుంబావుకు తెర తీశారు. 1892లో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే కాబట్టి మాయమాటల మనిషి మనకు కొత్త కాదు. అయితే గిరీశం కోతలకు నవ్వుకుని ఇంటికి పోతాం, సేనాని ఒథెల్లో కింద పనిచేసే ఇయాగో మాటలకు ఒథెల్లో తన భార్యను అనుమానిస్తాడు, ఏ పాపం ఎరుగని ఆ డెస్డిమోనా ప్రాణం పోతుంది. నాటకానికి ఒథెల్లో పేరు పెట్టినా అతనికంటే ఎక్కువ మాటలు ఇయాగోవే గనుక, నేను ప్రధానంగా ఆ పాత్రను చూడడానికే వెళ్ళాను.

మన పౌరాణిక నాటకాలలో శకుని పాచికలు నలుపుతూ, ఓరకంట నవ్వుతూ రంగం మీదికి వస్తాడు. వాడెవడో చివరి వరుసలోని పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది, తెలియాలి కూడా. ఇయాగోకు ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే చుట్టూ ఉన్నవాళ్ళందరూ అతణ్ణి నమ్మకస్తుడనే పిలుస్తూ ఉంటారు. ఈ నటుడు ఆ సంగతి గ్రహించి, పెళ్ళివారింట్లో పనులన్నీ నెత్తిన వేసుకుని తిరిగే దూరపు బంధువులాగా కనిపించాడు. మూడో అంకంలో, ఇయాగో ఆశించిన పదవి దక్కించుకున్న కాసియో డెస్డిమోనా దగ్గర సెలవు తీసుకుని వెళ్ళిపోతుండగా, ఇయాగో ఒథెల్లో వైపు కన్నెత్తి చూడకుండా, చేతిలోని కాగితాలు సర్దుకుంటూ, ‘ఇదేం బాగోలేదు’ అని తనలో తాను అనుకున్నట్టు గొణిగాడు. ఏమన్నావని ఒథెల్లో అడిగితే ‘ఏమీ లేదు దొరా’ అన్నాడు. ఆ తరువాత చాలాసేపు అతను చెప్పింది తక్కువ, చెప్పబోయి మింగింది ఎక్కువ. ప్రతి అనుమానాన్నీ ఒథెల్లో నోటితోనే పలికించి, తప్పనిసరై ఒప్పుకుంటున్నట్టు తలవంచాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన ‘సెప్పకురా నాయినా’ అని పైకే అనేశారు.

ఇంత చక్కటి నటనను కీబోర్డు వాయించే ఆయన సగం పాడుచేశాడు. తన భార్య ఎమిలియా తెచ్చి ఇచ్చిన డెస్డిమోనా చేతిరుమాలును ఇయాగో నాలుగు మడతలు పెట్టి, ఏమీ ఎరగనట్టు జేబులో పెట్టుకుంటున్న క్షణాన, పాము బుస కొట్టినట్టు ఒక మోత వినిపించింది. నటుడు దాచుకున్నదాన్ని వాయిద్యం దండోరా వేస్తే ఇక మిగిలేదేముంది? అనువాదంలో ‘నిజాయితీపరుడైన ఇయాగో’ అని మాటిమాటికీ అనిపించడం కూడా బరువుగానే ఉంది. ‘నికార్సయిన మనిషి’ అన్నా సరిపోయేది.

కథలో చేసిన మార్పు మరొకటి నాకు నచ్చలేదు. షేక్‌స్పియర్ ఆధారంగా తీసుకున్న చింతియో అనే రచయిత ఇటాలియన్ కథ 1565లో అచ్చయింది. అందులో ఈ దుష్టుడు డెస్డిమోనాను ఆశించి, ఆమె కాదన్నందుకు కక్ష కడతాడు. షేక్‌స్పియర్ ఆ తేలికైన కారణాన్ని పక్కన పెట్టి, పదవి కాసియోకు పోయిందని ఒకసారి, తన భార్య మీద అనుమానమని ఇంకొకసారి అతనితోనే చెప్పించాడు. ఏ కారణమూ జరిగిన ఘోరానికి తూగదు, మనల్ని బెదరగొట్టేది అదే. ఈ సమాజంవారు మాత్రం ప్రమోషన్ రాని ఉద్యోగి గోడుగా ఒక కొత్త రంగమే అల్లారు. హాలులో చప్పట్లు బాగానే పడ్డాయి, ఇయాగో మాత్రం చిన్నవాడైపోయాడు.

అన్నిటికంటే పెద్ద పొరపాటు ముగింపులో జరిగింది. మూలంలో ఇయాగో పట్టుబడ్డాక, ఇక తన నోట ఒక్క మాట కూడా రాదని చెప్పి, ఎందుకు చేశాడో ఎవరికీ చెప్పకుండా ఉండిపోతాడు. ఇక్కడ అతని చేత సంకెళ్ళతో మోకరిల్లించి, అయిదు నిమిషాలపాటు ఏడిపించి, క్షమాపణ చెప్పించారు. ప్రదర్శన అయ్యాక తెరవెనక్కి వెళ్ళి ఆ నటుణ్ణి అభినందించి, ఆ ఏడుపు సంగతి అడిగాను. ఆయన ముఖానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటూ, ‘ఏం సేస్తామండి, ఊరుకుంటే జనం ఒప్పుకోరన్నారు’ అన్నాడు.