మానసిక రుగ్మతలు: మెదడు జబ్బు అంటే సరిపోతుందా?

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి తమవారిని బెంగళూరులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌కు తీసుకొచ్చే తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉంటున్న మాలాంటివారిని తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది మెదడుకు వచ్చిన జబ్బా, మనసుకు తగిలిన దెబ్బా?"

మెదడు జబ్బు అనేవారి పక్షాన గట్టి సాక్ష్యమే ఉంది. సిఫిలిస్ ముదిరి మతి చెడినవారి మెదడులో ఆ వ్యాధి క్రిమిని 1913లో నొగుచి, మూర్ అనే పరిశోధకులు చూపించారు. పెన్సిలిన్ వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. తక్కిన రుగ్మతలకూ ఇలాగే ఒక్కో మూలం దొరుకుతుందని చాలామంది ఆశించారు. కానీ ఈనాటికీ డిప్రెషన్‌ను నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. డాక్టరు అడిగి, విని, గమనించి తేల్చవలసిందే.

అసలు జబ్బే లేదనే వాదం, ఆ బాధను కళ్లారా చూసినవారి ముందు నిలవదు. గాలి, గ్రహం సంగతి సరేసరి.

నా దృష్టిలో నిర్ణయాత్మకమైనది లక్షణంలోని విషయం, అంటే ఆ భయం, ఆ ఆలోచన దేని గురించి అన్నది. పాల ప్యాకెట్టును సబ్బుతో కడిగి, తాను తాకినందుకు కొళాయిని కడిగి, కొళాయిని తాకినందుకు మళ్లీ చేతులు కడుక్కునే ఓసీడీ (వద్దన్నా ఆగని ఆలోచనలు, చేసిందే చేయించే రుగ్మత) ఉన్న ఇల్లాలిని తీసుకుందాం. ఆమె ఆలోచన ఎందుకు ఆగడం లేదో మెదడు శాస్త్రం కొంత చెప్పగలదు. ఆ భయం మైల గురించే ఎందుకు అయిందో, పూజగది గడప దగ్గరే ఎందుకు రెట్టింపవుతుందో తెలియాలంటే ఆమె పెరిగిన ఇల్లు, పాటించిన ఆచారం తెలియాలి. కొళాయిని తాకి, చేయి కడగకుండా, భయం దానంతటదే తగ్గేదాకా ఓపిక పట్టించే చికిత్స సాగేది కూడా ఆ భయం మీదనే. 1992లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు చూపినదేమంటే, ఈ తరహా చికిత్సతో కోలుకున్నవారిలోనూ, మందుతో కోలుకున్నవారిలోనూ కాడేట్ అనే మెదడు భాగం పనితీరు ఒకేలా మారింది. మార్పు మెదడులోనే కనిపించినా, అక్కడికి చేరే దారి ఒక్క మందే కాదన్నమాట.

అందుకే, శరీరం, మనసు, సంఘం మూడింటినీ కలిపి చూడాలని 1977లో అమెరికా వైద్యుడు ఎంగెల్ ప్రతిపాదించిన పద్ధతివైపే నేను మొగ్గుతాను. మందులు మానమని దీని అర్థం కాదు. అతి ఉత్సాహం, తీవ్ర దిగులు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మతలో లిథియం అనే మందు చేసే మేలు తిరుగులేనిది. పెద్దవయసులో ఉన్నట్టుండి మతి తప్పినా, జ్వరంతోనో ఫిట్స్‌తోనో ప్రవర్తన మారినా, కుటుంబ చరిత్ర తర్వాత అడగవచ్చు, ముందు రక్తపరీక్షలు, స్కాన్ చేయించాలి.