రూట్ ప్లానర్ వాడి మూడేళ్లు: అసలు పనంతా అడ్రసుల షీటులోనే ఉంది

విజయవాడలో గానుగ నూనెలు, దంపుడు బియ్యం ఇళ్లకు చేరవేసే వ్యాపారం మాది. ఏ బండి ఏ వరసలో ఏ ఇంటికి వెళ్లాలో తేల్చడానికి డబ్బు కట్టి ఒక రూట్ ప్లానింగ్ యాప్ వాడుతున్నాం. మూడేళ్లు దాటింది. దాని పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకం యాప్‌లు చాలావాటిలో పని ఒకటే. ఎక్సెల్ షీటో సీఎస్‌వీ ఫైలో (కాలమ్‌లను కామాలతో విడదీసిన సాదా ఫైలు) ఎక్కిస్తాం. అది ప్రతి అడ్రసునూ మ్యాపు మీద చుక్కగా మారుస్తుంది, ఆ తర్వాత చుక్కలన్నిటినీ కలుపుతూ తక్కువ దూరంలో పూర్తయ్యే దారి వేస్తుంది. దారి వేయడం చాలా బాగా చేస్తుంది, అందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు. డీజిల్ కలిసొచ్చింది, కుర్రాళ్లు భోజనం వేళకి ఇంటికి వస్తున్నారు. చుక్క సరైన చోట పడటం మాత్రం మనం ఇచ్చే షీటు మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే యాప్ కన్నా షీటు గురించే ఎక్కువ రాస్తున్నాను.

మన అడ్రసులు మనుషులు చదువుకోవడానికి రాసినవి. ‘రామాలయం ఎదురు సందు, నీళ్ల ట్యాంకు దాటాక మూడో ఇల్లు, మేడ మీద’ అని ఉంటే మా కుర్రాడు ఎవర్నీ అడక్కుండా వెళ్లిపోతాడు. యాప్‌కు అందులో దొరికేది రామాలయం ఒక్కటే, అది పేటకొకటి ఉంటుంది. పిన్‌కోడ్ ఆదుకుంటుందని చాలామంది అనుకుంటారు. 1972లో తపాలా శాఖ పిన్‌కోడ్ తెచ్చింది ఉత్తరం ఏ పోస్టాఫీసుకు వెళ్లాలో చెప్పడానికి. ఇల్లు చూపించడం దాని పనే కాదు. 520010 అంటే బెంజ్ సర్కిల్ చుట్టూ ఎన్నో వీధులు. ఇల్లు దొరక్కపోతే మా యాప్ ఆ పిన్‌కోడ్ మధ్యలో ఎక్కడో చుక్క పెట్టేసి ఊరుకుంటుంది, తేడా ఉందని చెప్పదు కూడా. మా ఊళ్లో ఇది మరీ ఇబ్బంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊళ్లోంచే పోతాయి. చుక్క వంద మీటర్లు అటు పడిందంటే యాప్ లెక్కలో ఇల్లు కాలువ అవతలి గట్టున ఉన్నట్టే. బండి వంతెన దాకా వెళ్లి చుట్టి రావాలి.

ఇన్నాళ్ల వాడకంలో నాకు తేలింది ఒకటే: అడ్రసు చదివే మనిషికి ఒక కాలమ్, మ్యాపుకు వేరే కాలమ్‌లు ఉండాలి. గుడి, ట్యాంకు, మేడ మెట్లు, కుక్క ఉందన్న హెచ్చరిక, ఇవన్నీ ‘నోట్స్’లోకి వెళ్లాలి. మ్యాపుకు అక్షాంశం, రేఖాంశం ఇచ్చేయాలి. కొత్తవాళ్లు ఆర్డరు పెట్టగానే వాట్సాప్‌లో లొకేషన్ అడుగుతాం. ‘ఇంట్లో ఉన్నప్పుడే పంపండమ్మా’ అని తప్పకుండా చెప్పాలి, లేకపోతే ఆఫీసు నుంచి పంపేస్తారు. అంతకన్నా నమ్మకమైన పద్ధతి ఇంకోటుంది. మొదటి డెలివరీ రోజున మా కుర్రాడే గేటు ముందు నిలబడి లొకేషన్ పంపుతాడు, అదే షీటులో శాశ్వతంగా ఉండిపోతుంది. దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెలు ఉంచండి, అంటే సుమారు మీటరు తేడా. రెండే ఉంచితే కిలోమీటరు పైనే తేడా వస్తుంది. రెండు కాలమ్‌లూ తారుమారు కాకుండా చూసుకోవాలి. విజయవాడ అక్షాంశం 16.5, రేఖాంశం 80.6. వాటిని అటూ ఇటూ చేస్తే చుక్క స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. అది కంటికి కనిపించే తప్పు కాబట్టి నయం.

కనిపించని తప్పు ఇంటి నంబర్లలో ఉంటుంది. తెలుగునాట షీటు నింపే ప్రతి ఒక్కరూ దీన్ని తెలుసుకోవాలి. మన నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అని గీతలతో ఉంటాయి కదా. షీటులో 29-6-12 అని కొట్టి ఎంటర్ నొక్కండి. భారత్ సెట్టింగులున్న కంప్యూటరులో అది 29-06-2012గా మారిపోతుంది. షీటు దాన్ని జూన్ 29 అనే తేదీగా తీసుకుంది. ఇప్పుడు ఆ గడిని టెక్స్ట్‌గా మారిస్తే 41089 అని వస్తుంది. 1900 నుంచి రోజులు లెక్కపెట్టి ఎక్సెల్ తేదీకి లోపల ఇచ్చుకునే సంఖ్య అది, ఇంటి నంబరు తిరిగి రాదు. మొదటి సంఖ్య 31 లోపు, రెండోది 12 లోపు ఉన్న నంబర్లకు ఈ ప్రమాదం ఉంది, పాత పేటల్లో అలాంటివి ఎన్నో. జన్యు శాస్త్రవేత్తలకూ ఇదే తలనొప్పి వచ్చింది. మార్చ్1 లాంటి జన్యువుల పేర్లు తేదీలుగా మారిపోతున్నాయని 2020లో ఆ పేర్లనే మార్చుకున్నారు. మనం ఇంటి నంబర్లు మార్చలేం కాబట్టి, ఒక్క అంకె కూడా కొట్టక ముందే ఆ కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్‌గా పెట్టాలి. వేరే చోట నుంచి తెచ్చి అతికిస్తుంటే విలువలు మాత్రమే అతికించాలి. బయటి నుంచి వచ్చిన సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరవకండి. డేటా మెనూలోంచి దిగుమతి చేసి, ఆ కాలమ్‌ను టెక్స్ట్ అని ఎంచుకోండి.

ఫోన్ నంబరుకూ అదే మందు. 91తో కలిపి పన్నెండు అంకెలు పడితే గడిలో 9.19E+11 లాగా కనిపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపించేదే ఫైలులోకి వెళుతుంది, చివరి అంకెలు పోతాయి. గేటు ముందు నిలబడిన కుర్రాడి దగ్గర కస్టమర్‌కు ఫోన్ చేయడానికి నంబరు ఉండదు.

నోట్స్ తెలుగులో రాసేవాళ్లు సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోవాలి, మామూలు సీఎస్‌వీ అయితే ప్రశ్న గుర్తులే మిగులుతాయి. ఇక అదనపు ఖాళీలు. ట్రిమ్ ఫార్ములా చాలావరకు తీసేస్తుంది గానీ, వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన పాఠంలో ఒక్కోసారి ఇంకో రకం ఖాళీ దాగి ఉంటుంది. దాన్ని సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో క్యార్(160) పెట్టి మామూలు ఖాళీగా మార్చాక ట్రిమ్ వేయాలి. పేట పేరును చేత్తో కొట్టనివ్వకుండా డ్రాప్‌డౌన్ పెట్టండి. మొగల్రాజపురాన్ని ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు.

అపార్ట్‌మెంట్ల గురించి యాప్ సహాయ పేజీల్లో సరిగా లేదు. ఒకే బిల్డింగులో ఆరు ఫ్లాట్లుంటే ఆరు వరసలకూ అక్షాంశ రేఖాంశాలు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. అప్పుడే మా యాప్ వాటిని ఒక్క స్టాప్‌గా కలుపుతుంది. స్టాప్‌ల లెక్కన డబ్బు తీసుకునే ప్లాన్లలో ఆ తేడా బిల్లులో కనబడుతుంది. ఒక్కో స్టాప్‌లో పట్టే సమయం కూడా ఇవ్వండి. లిఫ్టు లేని మూడో అంతస్తుకు పదిహేను కిలోల నూనె డబ్బా మోసుకెళ్లే కుర్రాడికి రెండు నిమిషాలు రాసి పంపడం అన్యాయం.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ‘పెద్దావిడ ఒక్కరే ఉంటారు, బెల్ వినపడదు’ లాంటి నోట్ డెలివరీకి ఎంతో ఉపయోగం, తప్పుడు చేతుల్లో పడితే అంత ప్రమాదం. అసలు షీటు నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు ఆర్డర్లున్న కస్టమర్ల నంబర్లు వేరే షీటులో వేసి, ఎక్స్‌లుకప్‌తో (వేరే షీటులో వెతికి విలువ తెచ్చే ఫార్ములా) కావాల్సిన కాలమ్‌లే లాగి యాప్‌కు పంపుతాను. మొత్తం జాబితాను వాట్సాప్ గ్రూపులో పడేసే అలవాటు ఎవరికైనా ఉంటే దయచేసి మానండి. ఆ అడ్రసులు మనల్ని నమ్మి ఇచ్చినవి.

రోజుకు తొమ్మిది పది ఇళ్లే అయితే ఈ ఖర్చు అక్కర్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో అన్ని స్టాప్‌లు పెట్టుకోవచ్చు, కాకపోతే వరస మనమే నిర్ణయించుకోవాలి. పాతిక ఇళ్లు దాటితే డబ్బు కట్టొచ్చు, షీటు శుభ్రంగా ఉంటేనే. కొనే ముందు ఉచిత ట్రయల్‌లో మీ ఊళ్లో అతి కష్టమైన అడ్రసులు ఓ ఇరవై ఎక్కించి, చుక్కలు ఎక్కడ పడ్డాయో ఒక్కొక్కటీ జూమ్ చేసి చూడండి.

ఈమధ్య నా షీటులో డిజిపిన్ కాలమ్ ఒకటి చేర్చాను. తపాలా శాఖ 2025లో తెచ్చిన పది అక్షరాల కోడ్ అది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) దాని మీద కలిసి పనిచేశాయి. దాదాపు నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ప్రతి చదరానికీ ఒక కోడ్ ఉంటుంది. మా యాప్ ఇంకా దాన్ని తీసుకోవడం లేదు కాబట్టి, ప్రస్తుతానికి అక్షాంశ రేఖాంశాల పక్కన సరిచూసుకోవడానికే వాడుతున్నాను.