బండి మీద బడికి: పిల్లల సేఫ్టీ బెల్టుతో ఆరు నెలల అనుభవం

ఈ జూన్ 12న మా పాపను నర్సరీలో చేర్చే నాటికి తనకు మూడేళ్ల ఎనిమిది నెలలు. మేముండేది విజయవాడ పటమటలో, బడి మొగల్రాజపురంలో. దూరం నాలుగు కిలోమీటర్ల లోపే అయినా దారిలో బెంజి సర్కిల్ దాటాలి. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, బందరు రోడ్డు కలిసే ఆ కూడలిలో ఉదయం ఎనిమిదిన్నర వేళ లారీలు, ఆర్టీసీ బస్సులు, కాలేజీ బస్సుల మధ్య నుంచి స్కూటీ మీద వెళ్లడం పెద్దవాళ్లకే కష్టం. ఆటో మాట్లాడదామని వెళితే, డ్రైవరు తన సీటులోనే చెరో పక్క ఒక పిల్లవాడిని సర్దుకుని కూర్చోబెట్టడం కళ్లారా చూసి వెనక్కి వచ్చేశాను. బడి బస్సు మా వీధి వైపు రాదు. ఇక మిగిలింది నా స్కూటీయే కాబట్టి, పాపను దాని మీద ఎలా తీసుకెళ్లాలన్నదే మే నెలంతా నన్ను వేధించిన ప్రశ్న.

మన ఊళ్లలో ఎక్కువమంది పిల్లలను ముందు ఫుట్‌బోర్డు మీద నిలబెట్టుకుంటారు. హఠాత్తుగా బ్రేకు వేస్తే పిల్లల ముఖం నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. బండి ఆగి, ఇంజను ఆపకుండా ఉన్నప్పుడు పిల్లలు సరదాకు యాక్సిలరేటర్ తిప్పే ప్రమాదం కూడా ఉంది. వెనక కూర్చోబెడితే వారి కాళ్లు ఫుట్‌రెస్టుకు అందవు, చేతులకు పట్టు చాలదు. అందుకే చాలామంది తల్లులు చున్నీతోనో తువ్వాలుతోనో బిడ్డను నడుముకు కట్టుకుంటారు. ముడి వదులైనా, చున్నీ కొస జారి చక్రంలో చిక్కుకున్నా ఏమవుతుందో తలచుకుంటేనే గుండె ఆగినంత పనవుతుంది.

ఈ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. తొమ్మిది నెలలు దాటి నాలుగేళ్లలోపు ఉన్న పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకెళ్లేటప్పుడు సేఫ్టీ బెల్టు, తలకు సరిపోయే హెల్మెట్ తప్పనిసరి అని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. అది 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. బెల్టు తేలికగా, నీటికి పాడవకుండా, దళసరి నైలాన్‌తో ఉండాలని, 30 కిలోల వరకు బరువు ఆపగలగాలని కూడా అందులో ఉంది. అన్నింటికన్నా ముఖ్యంగా, బెల్టు ఎలాంటి ఆకారంలో ఉండాలో కూడా ఆ నిబంధనే చెబుతుంది. బిడ్డకు తొడిగే కోటు వంటి భాగం, దాని నుంచి వచ్చి నడిపేవారి భుజాలకు తగిలే రెండు పట్టీలు, బిడ్డ కాళ్ల మధ్య నుంచి పోయే మరో పట్టీల జత ఉండాలి. నేను ఈ వివరం చదవకుండానే మొదటి బెల్టు కొన్నాను.

ఆ మొదటి బెల్టును ఆన్‌లైన్‌లో 450 రూపాయలకు తెప్పించాను. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అదే నమూనా పది పేర్లతో దొరుకుతోంది. దానికి భుజాల పట్టీలు లేవు. పాప ఛాతీకి ఒక పట్టీ, నా నడుముకు ఒక పట్టీ, రెండింటినీ కలిపే చిన్న ముక్క, అంతే. పాప నడుము నాకు అంటుకునే ఉండేది గానీ, పైభాగం మాత్రం మలుపు తిరిగిన ప్రతిసారీ పక్కకు ఒరిగిపోయేది. కాళ్ల మధ్య పట్టీ లేనందువల్ల కూర్చున్న కాసేపటికే పాప కిందికి జారి, ఛాతీ మీది పట్టీ గొంతు దగ్గరికి వచ్చేది. ఆరో రోజున ఇంటికి వచ్చి విప్పుతుంటే రెండు పట్టీలు కలిసేచోట కుట్టు సగం ఊడి, తెల్లని దారాలు పైకి లేచి కనిపించాయి. వేలితో లాగితే మిగతా సగమూ టపటపా తెగిపోయింది. అమ్మినవారు వాపసు గడువు దాటిందన్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ కుట్టు బెంజి సర్కిల్ దగ్గర తెగి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచనకే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండోదాన్ని దుకాణానికి వెళ్లి, చేత్తో లాగి చూసి, 890 రూపాయలకు కొన్నాను. ఈ సమీక్ష ముఖ్యంగా దీని గురించే. దీన్ని తొడుక్కుంటే వీపుకు సంచి తగిలించుకున్నట్లే ఉంటుంది, ఆ సంచి స్థానంలో పాప ఉంటుంది. నా ఛాతీ ముందు ఒక బకిల్, పాప కోటుకు రెండు బకిళ్లు, కాళ్ల మధ్య నుంచి పోయే పట్టీలు ఉన్నాయి. పట్టీలు కలిసేచోట ఒట్టి వరుస కుట్టు కాకుండా, చతురస్రం గీసి దానిలో అడ్డంగా ఇంటూ గుర్తు వేసినట్లు కుట్టారు. కొనేవారు మొదట చూడవలసింది ఆ కుట్టునే. ఆరు నెలల తర్వాత కూడా ఒక్క దారం లేవలేదు.

ఎంత మంచి బెల్టయినా పిల్లలు తొడుక్కోనంటే ఉపయోగం ఉండదు. మా పాప కూడా మొదటిరోజు ఏడ్చి, వీపు విల్లులా వంచేసింది. అందుకే బడి తెరవడానికి పది రోజుల ముందు నుంచే అలవాటు మొదలుపెట్టాము. మొదటి రెండు రోజులు బండి ఊసే ఎత్తకుండా ఇంట్లోనే కోటు తొడిగి, తన బొమ్మకు నా పాత జడ రిబ్బనుతో ఒక బెల్టు కట్టించాను. మూడో రోజు నుంచి వీధి చివరి వరకు, ఆ తర్వాత రోజూ ఎనిమిదింబావుకు, అంటే బడికి బయలుదేరే వేళకే, బడి గేటు దాకా వెళ్లి వచ్చాము. బకిల్ ‘టక్’మని పడే శబ్దం వినపడ్డాక తను “రెడీ అమ్మా” అంటేనే నేను బండి కదిలించాలని ఒప్పందం చేసుకున్నాము. ఆ ఒప్పందాన్ని ఇప్పటికీ నాకన్నా తనే ఖచ్చితంగా పాటిస్తోంది. అదే పది రోజుల్లో అమ్మ పేరు, నాన్న పేరు, నా ఫోను నంబరు పాటలా నేర్పించాను. బడి గేటు అప్పటికే తెలిసిన చోటు కావడంతో జూన్ 12న లోపలికి వెళ్లేటప్పుడు కాసేపు బిక్కమొహం వేసిందే తప్ప ఏడవలేదు.

ఈ బెల్టు విలువ నాకు నిజంగా తెలిసింది ఉదయం ప్రయాణంలో కాదు, మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో. నర్సరీ పిల్లలను పన్నెండున్నరకు వదులుతారు. ఆ ఎండకు, అలసటకు బండి కదిలిన ఐదు నిమిషాల్లోనే పాప నిద్రలోకి జారుకుంటుంది. నా నడుము చుట్టూ ఉన్న చేతులు మెల్లగా వదులవుతాయి, హెల్మెట్ అంచు నా వెన్నుకు ఆనుతుంది, అంతవరకు వినిపిస్తున్న కబుర్లు ఆగిపోతాయి. చున్నీ కట్టుకున్న తల్లికి ఆ క్షణంలో ఒక చేయి వెనక్కి పోతుంది, బండి ఒంటి చేతి మీద నడుస్తుంది. ఈ బెల్టుతో పాప పక్కకు ఒరగదు, కిందికి జారదు. నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి. అయినా పాప నిద్రపోయిందని తెలియగానే నేను వేగం తగ్గించి, రోడ్డు పక్కన నీడ చూసి ఆపి, లేపి, నీళ్లు తాగించి బయలుదేరుతున్నాను.

హెల్మెట్ గురించి కూడా చెప్పాలి. పెద్దవాళ్ల హెల్మెట్‌లో చిన్న సైజు తెచ్చి కూరగాయల తక్కెడ మీద పెడితే 1,100 గ్రాములు తూగింది. అంత బరువును ఆ లేత మెడ మోయలేదు. సైకిల్ హెల్మెట్ 280 గ్రాములే ఉంది. నిర్దేశిత ప్రమాణాలకు సరిపోయే సైకిల్ హెల్మెట్‌ను ఈ వయసు పిల్లలకు నిబంధన కూడా అనుమతిస్తోంది కనుక మేము అదే వాడాము. అక్టోబరులో పాపకు నాలుగేళ్లు నిండాయి. ఆ వయసు దాటితే అందరిలాగే హెల్మెట్ తప్పనిసరి, బెల్టు మాత్రం చట్ట ప్రకారం అక్కర్లేదు. కానీ పుట్టినరోజు మర్నాటి నుంచి పిల్లలకు నిద్ర రాకుండా పోదు కదా, మేము బెల్టు మానలేదు.

లోపాలు లేవనను. లోపలి స్పాంజి చెమటకు తడిసి, ఉతికితే ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. అందువల్ల శనివారం మధ్యాహ్నమే ఉతకాలి. సీటు కింద డిక్కీలో పెడితే ఇంజను వేడికి ప్లాస్టిక్ బకిల్ ముట్టుకోలేనంతగా కాలుతుంది. వానకోటు దీని మీద సరిగ్గా పట్టదు. రాత్రిపూట వెలుగు పడితే మెరిసే పట్టీ లేదు. వాడే విధానం ఇంగ్లీషులోనే, అదీ బొమ్మలు లేకుండా ముద్రించారు. పాప వీపున బడిసంచి ఉంటే కోటు పట్టీలు సరిగ్గా బిగియవు కాబట్టి సంచిని ముందు కొక్కేనికి తగిలించాలి. నిజానికి పూర్వ ప్రాథమిక తరగతులకు సంచే ఉండకూడదని 2020 నాటి కేంద్ర బడిసంచి విధానం చెబుతున్నా, మా బడి వారు టిఫిను డబ్బాతో పాటు మూడు పుస్తకాలు పంపమంటున్నారు.

దిగడం మరో సమస్య. బిడ్డ వీపుకు కట్టి ఉండగా బండికి సెంటర్ స్టాండు వేయలేము. ఇంటి దగ్గర బండిని అరుగు పక్కకు తెచ్చి ఆపి, ఇంజను ఆపేసి, నా బకిల్ విప్పితే పాప అరుగు మీదికే కాలు పెడుతుంది. బడి దగ్గర ఆయమ్మ వచ్చి పాపను పట్టుకున్నాకే విప్పుతాను. ఏ బకిల్ ముందో ఆవిడకు రెండు రోజుల్లోనే అలవాటైంది.

బండి పడిపోతే నాతోపాటే పాప కూడా పడుతుంది. ఈ బెల్టు కారు సీటు బెల్టు వంటిది కాదు, ఢీకొన్నప్పుడు దెబ్బను ఆపదు. బిడ్డ జారి పడకుండా, విడిపోకుండా మాత్రమే చూస్తుంది. కాబట్టి నేను ఎప్పుడూ 30 దాటి నడపను. వాన కురిసి రోడ్డు మీద నీళ్లు నిలిచిన రోజుల్లో బండి తీయకుండా, ఖర్చయినా మేమిద్దరమే ఒక ఆటో మాట్లాడుకుని వెళుతున్నాము.

బెల్టు చూసిన కొత్తలో మా నాన్న, “ఎందుకమ్మా ఇదంతా, మిమ్మల్ని పెంచలేదా మేము?” అన్నారు. నాకు ఆఫీసు పని ఉన్న రోజుల్లో మధ్యాహ్నం పాపను తీసుకొచ్చేది ఆయనే. ఒకరోజు పాప బండి మీదే నిద్రపోయిందట. రోడ్డు పక్కన అరగంట ఆగి, తను లేచాక మెల్లగా ఇంటికి తీసుకొచ్చారు. నా కొలతకు బిగించిన పట్టీలు ఆయన భుజాలకు చాలవు, రోజూ సవరించడమూ అయ్యే పని కాదు. అందువల్ల అదే దుకాణంలో, అదే కుట్టు ఉన్నది చూసి, ఆయన కోసం అలాంటిదే మరో బెల్టు కొన్నాను. 890 రూపాయలకు అది మరోసారి కొనదగ్గ వస్తువేనని చెప్పడానికి నాకు సందేహం లేదు.